చెత్త గుట్ట గ్యాస్: ఏ పనికి ఎంత శుద్ధి?

గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్న ఇళ్లవాళ్లకు ఇది బాగా తెలిసిన విషయమే. చలికాలంలో స్టవ్ మంట ఉన్నట్టుండి ఎగిరెగిరి పడుతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. పైపులో నీళ్లు చేరాయని అర్థం. పైపు పల్లంలో ఉన్న చిన్న వాల్వు తిప్పి ఆ నీళ్లు వదిలేస్తే మంట మళ్లీ నీలంగా, నిలకడగా వెలుగుతుంది. గ్యాస్ శుద్ధి అనే పనికి అతి చిన్న రూపం ఇది. అలాంటి గ్యాసే పేడ తొట్టి నుంచి కాక లక్షల టన్నుల చెత్త గుట్ట నుంచి వస్తే, స్టవ్‌కు బదులు ఒక మెగావాట్ ఇంజన్‌కు పోతే, వదిలించుకోవాల్సిన వాటి జాబితా చాలా పెరుగుతుంది.

హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ డంప్ యార్డే ఇందుకు దగ్గరి ఉదాహరణ. అక్కడ సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తను పొరలతో కప్పేశారు. కప్పినంత మాత్రాన చెత్త చచ్చిపోదు. గాలి తగలని ఆ చీకట్లో బ్యాక్టీరియా అన్నం మెతుకుల నుంచి అట్టపెట్టెల దాకా అన్నింటినీ తింటూ మీథేన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతూనే ఉంటుంది. ఆ గ్యాస్‌ను లాగి, శుద్ధి చేసి, వాహనాల ఇంధనంగా మార్చే ప్లాంటు 2022లో అక్కడ మొదలైంది. వదిలేస్తే ఏమవుతుందో ఢిల్లీలోని భల్‌స్వా, గాజీపూర్ గుట్టలు, 2023 మార్చిలో రోజుల తరబడి కాలిన కొచ్చిలోని బ్రహ్మపురం యార్డు చూపించాయి. మంటల సంగతి అలా ఉంచినా, గాలిలో కలిసిన మీథేన్ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి దాన్ని పట్టుకుని వాడుకోవాలనడంలో రెండో మాట లేదు. ఎలా వాడాలి, దానికి ఎంత శుద్ధి కావాలి అన్న దగ్గరే అసలు లెక్క ఉంది.

చెత్త గుట్ట గ్యాస్‌లో సుమారు సగం మీథేన్. మిగతా సగంలో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్, కొంచెం నైట్రోజన్, ఇంకా కొంచెం ఆక్సిజన్. ఒక ఘనపు మీటర్ గ్యాస్‌ను కాలిస్తే కరెంటు యూనిట్లలోనే చెప్పాలంటే దాదాపు 5 యూనిట్ల వేడి వస్తుంది. మంచి గ్యాస్ ఇంజన్ అందులో 40 శాతాన్ని, అంటే 2 యూనిట్లను కరెంటుగా మారుస్తుంది. ఈ లెక్కన ఒక మెగావాట్ ఇంజన్‌కు గంటకు 500 ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే కింద వచ్చే లెక్కలన్నీ సులువుగా అర్థమవుతాయి.

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. కార్బన్ డయాక్సైడ్‌ను తీసేస్తే గ్యాస్‌లో శక్తి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఘనపు మీటరుకు శక్తి దాదాపు రెట్టింపు అయ్యే మాట నిజమే. కానీ ఘనపు మీటర్ల సంఖ్య సగమవుతుంది. ఉన్న మీథేన్ ఉన్నంతే. పైగా ఆ వేరుచేసే యంత్రానికి ప్రతి ఘనపు మీటర్ ముడి గ్యాస్‌కు పావు యూనిట్ అటూ ఇటూగా కరెంటు ఖర్చవుతుంది, కొంత మీథేన్ కూడా దాంతోపాటే జారిపోతుంది. గుట్ట పక్కనే ఇంజన్ పెట్టి కరెంటు తీసే చోట కార్బన్ డయాక్సైడ్‌తో పేచీ పెట్టుకోనక్కర్లేదు. నిజానికి అది ఇంజన్‌లో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి అంటుకుని ఇంజన్ టకటకా కొట్టుకోవడం) రాకుండా కాపాడుతుంది కూడా. అలాంటి చోట వదిలించుకోవాల్సినవి మూడు: నీరు, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు, సిలోక్సేన్లు అనే సిలికాన్ ఆవిరులు.

నీరు, గంధకం

గుట్ట లోపల వేడిగా ఉంటుంది. బయటికొచ్చే గ్యాస్ నీటి ఆవిరితో నిండి ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 51 గ్రాముల దాకా ఆవిరి పడుతుంది. దాన్ని 5 డిగ్రీలకు చల్లబరిస్తే 7 గ్రాములే మిగులుతుంది. మన ఒక మెగావాట్ లెక్కలో ఇలా గంటకు 22 లీటర్లు, రోజుకు 500 లీటర్లకు పైగా నీరు దిగుతుంది. ఆ నీటిలో ఆమ్లాలు, కరిగిన రసాయనాలు ఉంటాయి కాబట్టి గుట్ట అడుగున ఊరే నల్లటి లీచేట్‌తో పాటే దాన్నీ శుద్ధి చేయాలి. చల్లబరిచిన గ్యాస్‌ను మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. ఇది వృథా పనిలా కనిపిస్తుంది కానీ, అలా చేయకపోతే తర్వాతి దశలో గ్యాస్‌ను వడకట్టే బొగ్గు రంధ్రాలు తేమతోనే నిండిపోతాయి.

కుళ్లిన కోడిగుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఇది ఇంజన్ కంటే ముందు మనిషిని చంపుతుంది. గాలిలో 100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో వంద భాగాలు దాటితే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది కదా అని మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్లు తిరిగి రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. గుట్ట మీద పనిచేసేవాళ్ల చేతికి గ్యాస్ మీటర్ ఇవ్వకుండా ఏ శుద్ధి గురించి మాట్లాడినా అది సగం మాటే.

ఈ గంధకం ఎక్కడిది? మాంసం, గుడ్లు, పప్పుల లాంటి వాటి నుంచి కొంత. ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం జిప్సం. ఫ్లాట్లలో ఫాల్స్ సీలింగ్‌కు వాడే బోర్డు కాల్షియం సల్ఫేటే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా అదే కుటుంబానికి చెందినది. ఇంటి మరమ్మతుల్లో ఊడదీసిన సీలింగ్ ముక్కలైనా, నిమజ్జనం తర్వాత తీసిన విగ్రహాల శకలాలైనా తడి చెత్తతో కలిసి గాలి ఆడని చోట పడితే, ఒక రకం బ్యాక్టీరియా ఆ సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చేస్తుంది. నిర్మాణ వ్యర్థాలను వేరే యార్డుకు పంపాలన్న నిబంధన వెనుక ఈ కారణం కూడా ఉందని చెప్పేవాళ్లు తక్కువ.

గ్యాస్‌లో 500 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే, మన ఒక మెగావాట్ ఇంజన్‌లోకి రోజుకు సుమారు 9 కిలోలు పోతుంది. కాలాక అది గంధకపు ఆమ్లాలుగా మారుతుంది. ఇంజన్ వేడిగా నడుస్తున్నంతసేపూ ఆ ఆమ్లం ఆవిరి రూపంలో పొగగొట్టం గుండా పోతుంది. ఇంజన్ ఆగి చల్లబడినప్పుడే చెమటలా లోహం మీద పట్టి తినేస్తుంది. అందుకే లైన్ ట్రిప్పయి మాటిమాటికీ ఆగిపోయే చోట నష్టం ఎక్కువ. ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాన్ని విరిచే గుణం కూడా త్వరగా హరించుకుపోయి, గడువుకు ముందే ఆయిల్ మార్చాల్సి వస్తుంది.

దీన్ని తీసే పద్ధతుల్లో అన్నిటికంటే పాతది ఇనుప తుప్పు. చెక్క పేళ్లకు ఐరన్ ఆక్సైడ్ పట్టించి గ్యాస్‌ను దాని గుండా పంపితే గంధకం ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అయిపోతుంది. తర్వాత గాలి తగిలిస్తే మళ్లీ తుప్పుగా మారుతుంది, మరికొన్ని సార్లు వాడుకోవచ్చు. ఆ మారే సమయంలో వేడి పుడుతుంది. తొందరపడి ఒక్కసారిగా గాలి వదిలితే చెక్క అంటుకుంటుంది. గంధకాన్ని తినే బ్యాక్టీరియాతో నడిచే టవర్లు పెద్ద ప్లాంట్లకు చవక. తక్కువ మోతాదుకు రసాయనం పట్టించిన యాక్టివేటెడ్ కార్బన్, అంటే వడపోత బొగ్గు చాలు.

షాంపూ నుంచి ఇసుక

ఇంజన్‌కు అన్నిటికంటే పెద్ద శత్రువు మాత్రం వాసన లేనిది, కంటికి కనబడనిది. షాంపూలు, కండిషనర్లు, డియోడరెంట్లు, క్రీములు జుట్టు మీద, చర్మం మీద జారుడుగా, మెత్తగా అనిపించడానికి సిలికాన్ నూనెలు కలుపుతారు. డబ్బా అడుగున మిగిలిందీ, సాచెట్లలో అంటుకున్నదీ చెత్తకే పోతుంది. అవి గుట్టలో ఆవిరై గ్యాస్‌లో కలుస్తాయి. వీటినే సిలోక్సేన్లు అంటారు. వీటిలో డీ4, డీ5 అనే రెండు ఎక్కువగా కనిపిస్తాయి.

ఇవి కాలితే మిగిలేది సిలికా. అంటే ఇసుక. పొడి కంటే సన్నని ఇసుక. ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాముల డీ4 ఉందనుకుందాం. చాలా స్వల్పంగా అనిపించే అంకె. గంటకు 500 ఘనపు మీటర్ల చొప్పున ఏడాదికి 8,000 గంటలు నడిచే ఇంజన్‌లోకి దాని లెక్కన 80 కిలోల డీ4 పోతుంది. కాలాక అది 65 కిలోల సిలికా. ఒక బస్తా సిమెంటు 50 కిలోలని గుర్తు చేసుకుంటే ఈ బరువు ఎంతో తెలుస్తుంది. ఇందులో ఎక్కువ భాగం పొగతో బయటికి పోయినా, మిగిలింది చాలు. పిస్టన్ తల మీద, సిలిండర్ లోపలి గోడల మీద, ఎగ్జాస్ట్ వాల్వుల మీద తెల్లటి పెచ్చులా గట్టిపడుతుంది. స్పార్క్ ప్లగ్గులను మూసేస్తుంది. వాల్వు సరిగా మూసుకోక దాని అంచు కాలిపోతుంది. పెచ్చు వేడిని పట్టి ఉంచడంతో నాకింగ్ మొదలవుతుంది, దాంతో ఆపరేటర్ లోడ్ తగ్గించక తప్పదు. కొంత సిలికా ఆయిల్‌లో దిగి గరుకు కాగితంలా బేరింగులను అరగదీస్తుంది.

సామర్థ్యం తగ్గిందని ప్లాంటు రిపోర్టులో రాసే మాట వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. ఇంజన్ 40 శాతం సామర్థ్యం అనేది కొత్తగా, శుభ్రంగా ఉన్నప్పటి మాట. పెచ్చు గీకడానికి సిలిండర్ హెడ్లు విప్పి రోజుల తరబడి ఇంజన్‌ను ఆపితే, ఆ రోజుల్లో గ్యాస్‌ను మంటపెట్టి వృథాగా కాల్చేయాలి. ఏడాది మొత్తం మీద వచ్చే యూనిట్లు లెక్కేస్తే, ఇంజన్ సామర్థ్యంలో ఒకటి రెండు శాతం తేడా కంటే ఈ ఆగిన రోజుల నష్టమే ఎక్కువ.

సిలోక్సేన్లను పట్టడానికి ఎక్కువ చోట్ల వాడేది యాక్టివేటెడ్ కార్బన్. కొబ్బరి చిప్పల నుంచో నేల బొగ్గు నుంచో చేసే ఈ బొగ్గులో లెక్కలేనన్ని సన్నని రంధ్రాలుంటాయి. సమస్య ఏమిటంటే, ఆ రంధ్రాల కోసం గ్యాస్‌లోని పెట్రోలు, పెయింటు ఆవిరుల లాంటివన్నీ పోటీ పడతాయి. ముందు పట్టుకున్న తేలిక సిలోక్సేన్లను వెనక వచ్చిన బరువైన ఆవిరులు బయటికి నెట్టేస్తాయి. బొగ్గు నిండిపోయిందని తెలియజేసే వాసన గానీ రంగు గానీ ఉండదు. ఇంజన్ విప్పి చూసినప్పుడే తెలుస్తుంది, అప్పటికే ఆలస్యం. అందుకని రెండు బొగ్గు డ్రమ్ములను ఒకదాని వెనక ఒకటి పెట్టి, మొదటి డ్రమ్ము తర్వాత గ్యాస్ నమూనా తీసి క్రమం తప్పకుండా పరీక్ష చేయించాలి. మొదటిది జారవిడవడం మొదలెట్టగానే దాన్ని మార్చి, రెండోదాన్ని ముందుకు తేవాలి. ఇంజన్ ఆయిల్ నమూనాలో సిలికాన్ ఎంతుందో చూడటం కూడా మంచి ముందస్తు హెచ్చరిక. ఈ పరీక్షల ఖర్చు మరమ్మతుల ముందు ఏ మూలకూ రాదు. అయినా నెలవారీ ఖర్చు తగ్గించాలంటే మొదట కోత పడేది వీటి మీదే. ఇంతకంటే ఖరీదైన పొదుపు ఇంకోటి ఉండదు.

యూరోపియన్ యూనియన్ వేరే దారి నుంచి కూడా వచ్చింది. 2020 జనవరి 31 తర్వాత, కడిగేసుకునే సౌందర్య ఉత్పత్తుల్లో డీ4, డీ5 ఒక్కొక్కటీ 0.1 శాతానికి మించకూడదని నిబంధన పెట్టింది. ప్రకృతిలో కరగకుండా ఉండిపోతాయన్నది అందుకు కారణం. అయినా పాత గుట్టల్లో ఇప్పటికే పడ్డ డబ్బాల నుంచి ఏళ్ల తరబడి ఈ ఆవిరి వస్తూనే ఉంటుంది.

యంత్రం ఎంపికను బట్టి కూడా శుద్ధి లెక్క మారుతుంది. లాస్ ఏంజెలెస్ దగ్గరి ప్యుయెంటే హిల్స్ గుట్ట మీద సుమారు 50 మెగావాట్ల ప్లాంటును ఇంజన్లతో కాకుండా బాయిలర్, ఆవిరి టర్బైన్‌తో కట్టారు. బాయిలర్‌లో మంట ట్యూబుల బయట ఉంటుంది, ఇసుక పట్టినా గీకి తుడిచేయొచ్చు. సామర్థ్యం కొంత తక్కువైనా మురికి గ్యాస్‌ను భరిస్తుంది. అతి వేగంగా తిరిగే మైక్రో టర్బైన్లు మాత్రం ఇంజన్ల కంటే సున్నితం.

వాహనానికి పోసేటప్పుడు లెక్క వేరు

అదే గ్యాస్‌ను సిలిండర్లలో నింపి బస్సులకో కార్లకో పోయాలంటే కార్బన్ డయాక్సైడ్ తీయక తప్పదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 16087 ప్రకారం బయోమీథేన్‌లో (ఇలా శుద్ధి చేసిన గ్యాస్‌లో) మీథేన్ కనీసం 90 శాతం ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ 4 శాతం, ఆక్సిజన్ 0.5 శాతం మించకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలిపి మొత్తం గంధకం ఘనపు మీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

కార్బన్ డయాక్సైడ్‌ను తీయడం పాత విద్యే. నీటిలో అది మీథేన్ కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ కరుగుతుంది. ఒత్తిడి పెట్టి నీళ్ల జల్లు కింద గ్యాస్‌ను పంపితే సోడాలో కలిసినట్టు కలిసిపోతుంది, మీథేన్ పైకి వస్తుంది. సన్నని పొరల గుండా వడకట్టడం, రసాయన పూసల మీద ఒత్తిడి పెంచి తగ్గించి విడదీయడం మరో రెండు దారులు. 1975లోనే కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డెస్ గుట్ట గ్యాస్‌ను పైప్‌లైన్‌కు సరిపడేలా శుద్ధి చేసి వాడారు.

చెత్త గుట్టకు ప్రత్యేకమైన చిక్కు నైట్రోజన్. పేడ తొట్టి గానీ, తడి చెత్తను మురగబెట్టే మూసిన ట్యాంకు (డైజెస్టర్) గానీ గాలి చొరని పాత్రలు. గుట్ట అలా కాదు. బావులు తవ్వి, పైపులు దించి, బ్లోయర్లతో గ్యాస్‌ను లాగుతారు. ఎక్కువ గ్యాస్ రావాలని గట్టిగా లాగితే పై కప్పులోని పగుళ్ల గుండా బయటి గాలి లోపలికి దిగుతుంది. అందులోని ఆక్సిజన్‌ను బ్యాక్టీరియా తినేస్తుంది, నైట్రోజన్ అలాగే మిగిలిపోతుంది. నీళ్ల జల్లు దాన్ని ఏమీ చేయలేదు, పొరలూ అంతే, ఎందుకంటే నైట్రోజన్ అణువు పరిమాణం మీథేన్‌కు దగ్గరగా ఉంటుంది.

లెక్క చూస్తే తీవ్రత తెలుస్తుంది. ముడి గ్యాస్‌లో మీథేన్ 54, కార్బన్ డయాక్సైడ్ 42, నైట్రోజన్ 4 శాతం ఉంటే, కార్బన్ డయాక్సైడ్ మొత్తం తీశాక మీథేన్ 93 శాతానికి చేరుతుంది. పాస్. అదే మీథేన్ 50, కార్బన్ డయాక్సైడ్ 40, నైట్రోజన్ 10 అయితే, ఎంత బాగా తీసినా 83 శాతం దగ్గరే ఆగిపోతుంది. కోట్లు పెట్టి కొన్న యంత్రం బాగానే పనిచేసినా సరుకు మాత్రం అమ్ముడుపోదు. నైట్రోజన్‌ను విడదీయాలంటే మీథేన్ ద్రవంగా మారే మైనస్ 161 డిగ్రీల దాకా చల్లబరచడం ఒక మార్గం. ఫ్రాన్స్‌కు చెందిన వాగా ఎనర్జీ పొరల వడపోతకు ఈ అతిశీతల పద్ధతిని జోడించి 2017లో సెయింట్ ఫ్లోరెంటిన్ గుట్ట మీద మొదటి ప్లాంటు పెట్టింది. పని చేస్తుంది, కానీ చిన్న గుట్టలకు ఆ ఖర్చు మోయరానిది.

చవకైన దారి గుట్ట మీదే ఉంది. ప్రతి బావి దగ్గరా మీథేన్, ఆక్సిజన్, నైట్రోజన్, వేడి చూసుకుంటూ వాల్వును కొద్దికొద్దిగా సర్దాలి. కప్పులో పగుళ్లు వస్తే వెంటనే మట్టి కొట్టాలి. వానాకాలంలో పైపులు కుంగి నీళ్లు నిలిచే చోట్లు వెతికి సరిచేయాలి. దీనికి యంత్రాల కంటే రోజూ గుట్ట ఎక్కి తిరిగే మనుషులు కావాలి. గట్టిగా లాగడంలో ఇంకో ప్రమాదమూ ఉంది: లోపలికి దిగిన గాలి గుట్ట పొరల్లో నిప్పు రాజేస్తుంది, ఆ నిప్పు ఆర్పడం చాలా కష్టం. నైట్రోజన్ అంకెను ఆ నిప్పుకు ముందొచ్చే కబురుగా కూడా చూడాలి.

వీటన్నిటినీ పక్కన పెట్టుకుని ఇందోర్‌ను చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ ఇళ్ల దగ్గరే తడి చెత్త వేరు చేస్తారు. 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి 17 టన్నుల దాకా బయో సీఎన్‌జీ తీసే సామర్థ్యంతో కట్టింది. మూసిన ట్యాంకులో పుట్టే గ్యాస్ కాబట్టి నైట్రోజన్ బెడద దాదాపు లేదు, షాంపూ డబ్బాలు లేవు కాబట్టి సిలోక్సేన్ల బాధ చాలా తక్కువ. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో నడిచే చిన్న ప్లాంటుదీ అదే సూత్రం. రోజుకు దాదాపు పది టన్నుల మార్కెట్ చెత్త నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు. గుట్టలో కలిసిపోయాక డ్రమ్ముల కొద్దీ బొగ్గు పెట్టి తీసేదాన్ని, వంటింటి దగ్గర రెండు బుట్టలు పెట్టి ముందే ఆపేయొచ్చు. రోజుకు 7 వేల టన్నులకు పైగా చెత్త వచ్చే హైదరాబాద్‌లో ఇది ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. అది బాధాకరం.

పాత గుట్టల విషయంలో మాత్రం ఆ అవకాశం దాటిపోయింది. వాటి గ్యాస్‌ను ఉన్నది ఉన్నట్టుగా తీసుకుని శుద్ధి చేసుకోవడమే మిగిలింది, అదీ గడువు లోపల. కొత్త చెత్త పడటం ఆగిపోయాక గ్యాస్ ఏటేటా తగ్గుతుంది, మన ఎండలకు, తడి చెత్తకు ఆ తగ్గుదల ఇంకా వేగం. న్యూయార్క్‌లో 2001లో మూసేసిన ఫ్రెష్ కిల్స్ గుట్ట నుంచి 1980ల్లో మొదలుపెట్టి గ్యాస్‌ను శుద్ధి చేసి ఇళ్ల గ్యాస్ కంపెనీకి అమ్మారు, అక్కడా రాబడి ఏళ్లతో పాటు పడిపోయింది. మొదటి ఏడాది వచ్చే గ్యాస్ చూసి పెద్ద యంత్రం బిగిస్తే ఐదారేళ్లకు అది సగం ఖాళీగా నడుస్తుంది. కంటెయినర్లలో బిగించిన చిన్న చిన్న యూనిట్లుగా పెట్టుకుంటే, గ్యాస్ తగ్గినకొద్దీ ఒక్కొక్కటి విప్పి మరో గుట్టకు తరలించొచ్చు. చివరి ఏళ్లలో మీథేన్ ఇంజన్ నడవనంత పలచబడుతుంది. అప్పుడు కప్పు మీద కంపోస్టు కలిపిన మట్టి పరుస్తారు. మీథేన్‌నే తిండిగా తీసుకునే బ్యాక్టీరియా ఆ మట్టిలో పెరిగి, పైకి వచ్చే కొద్దిపాటి గ్యాస్‌ను గాలిలో కలవకముందే తినేస్తుంది.